ముక్తినాథ్ దారిలో ప్లగ్ పాయింట్

మా అమ్మకి ముక్తినాథ్ చూడాలని చాన్నాళ్ళ కోరిక. నూట ఎనిమిది దివ్యదేశాల్లో సాలగ్రామం అంటే అదే కదా. ఎట్టకేలకు తీసుకెళ్ళాను. యాత్రా విశేషాలు రాయబోవడం లేదు, కంగారు పడకండి :) పోఖరాలో మాకు దొరికింది కరెంటు వ్యాను. వద్దు, డీజిల్ బండి చూడమని ఏజెంటుతో కాసేపు వాదించాను కూడా. ఎనిమిది వందల మీటర్ల దగ్గర బయల్దేరి మూడువేల ఏడొందలు దాటే ఊరికి, ఆ గతుకుల రోడ్డు మీద, వెనక సీట్లో అమ్మని పెట్టుకుని బ్యాటరీని నమ్మాలా అని నా భయం. ఏజెంటు నా మాట పట్టించుకోలేదు.

దార్లో దాల్‌భాత్ తినడానికి ఆగిన హోటల్ పక్కనే ఛార్జర్ ఉంది. మేం తిన్నాం, బండీ తింది. అసలు పాఠం తిరుగు ప్రయాణంలో దొరికింది. కొండ మీద ఛార్జింగు పెట్టిన డ్రైవరు ఎనభై అయిదు శాతం దగ్గర ప్లగ్గు పీకేశాడు. "ఇంకో అరగంట ఆగుదాం, ఫుల్ చేసెయ్" అన్నాను. నవ్వి, హిందీలో "మొత్తం నింపేస్తే దిగేటప్పుడు వచ్చే కరెంటు ఎక్కడ దాచను సార్?" అన్నాడు. పదిహేనేళ్ళ బట్టి కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నవాణ్ణి, నాకు తట్టలేదు.

లెక్క వేసి చూశాను (అలవాటు మానుకోలేం). మనుషులతో కలిపి రెండున్నర టన్నుల బండిని 2,900 మీటర్లు పైకి లేపడానికే దాదాపు 20 యూనిట్ల కరెంటు కావాలి. రోడ్డు రాపిడి, గాలి, మోటారు నష్టాలు దీనికి అదనం. అదే బండి దిగేటప్పుడు మోటారే జనరేటరై ఇందులో సగమో, ఇంకాస్త ఎక్కువో తిరిగి ఇస్తుంది. కానీ బ్యాటరీ నిండుగా ఉంటే తీసుకోదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. కాబట్టి కొండ ప్రాంతంలో ఛార్జర్ ఎక్కడ పెట్టాలన్నది కిలోమీటర్లతో తేలే లెక్క కాదు, ఎక్కుడు దిగుళ్ళతో తేలేది. ఎత్తులో గాలి పల్చబడితే డీజిల్ ఇంజను నీరసపడుతుంది, మోటారుకి ఆ బాధ లేదు. ఛార్జర్‌కి మాత్రం ఉంది. పల్చటి గాలికి వేడి లాగే శక్తి తక్కువ, కరెంటుని ఆపే శక్తీ తక్కువే. పరికరాల్లో తీగల మధ్య ఉంచే ఖాళీని మామూలుగా 2,000 మీటర్ల ఎత్తుకి లెక్కేస్తారు. నాలుగు వేల మీటర్ల దగ్గర అది దాదాపు 1.3 రెట్లు ఉండాలి. చలిలో ఇంకో తంటా: లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద గబగబా ఛార్జ్ చేస్తే పాడవుతుంది, ముందు వెచ్చబెట్టుకోవాలి.

సరే, ఇదంతా ఇంజనీరింగు, పరిష్కారాలు ఉన్నాయి. మరి ఇంత పేద దేశంలో, ఇంత కొండల్లో, హోటల్ పక్కన ఛార్జర్ ఎలా మొలిచింది? మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఒక్క ప్లగ్గు కోసం అసోసియేషన్‌తో రెండేళ్ళు కొట్లాడిన నాకు ఇది వ్యక్తిగతమైన ప్రశ్న. ఇంటికొచ్చాక చదవడం మొదలెట్టాను. తవ్వే కొద్దీ తెలిసిందేమిటంటే నేపాల్ రోడ్లెక్కడం కరెంటు బళ్ళకి ఇది మూడోసారి.

మొదటిసారి 1975లో. చైనా సాయంతో ఖాట్మండూలో త్రిపురేశ్వర్ నుంచి భక్తపూర్ వైపు సూర్యవినాయక్ దాకా 13 కిలోమీటర్లు ట్రాలీబస్సు నడిచింది. పైన తీగ, కింద బస్సు, బ్యాటరీ గొడవే లేదు. ప్రభుత్వ సంస్థ నడిపింది. తర్వాత మామూలే: సిబ్బంది పెరిగారు, బస్సులు మూలనపడ్డాయి, కరెంటు బిల్లులు పేరుకున్నాయి. 2001లో ఆగిపోయి, మళ్ళీ కొంత దూరం నడిచి, 2008లో పూర్తిగా ఆగింది. దీని గురించి ఇంతకన్నా రాయడానికి నాకు మనసొప్పడం లేదు, మన దగ్గర ఇలాంటి కథలు బోలెడు.

రెండోసారిది అసలు కథ. 1989 మార్చిలో భారత్, నేపాల్ మధ్య వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరింది. మనవాళ్ళు సరిహద్దు దారులు చాలావరకు మూసేశారు. నేపాల్‌కి చమురంతా వెళ్ళేది మన గుండానే. బంకుల ముందు బారులు తీరాయి. మనకి అదో దౌత్య వార్త, వాళ్ళకి పొయ్యి వెలగని నెలలు. కరెంటు బళ్ళ ఆలోచన అక్కడ పాకింది అప్పుడే. 1993లో గ్లోబల్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికన్ సంస్థ ఒక డీజిల్ టెంపో ఇంజను పీకేసి మోటారు, బ్యాటరీలు పెట్టింది. తర్వాత యూఎస్ఎయిడ్ డబ్బు కూడా తోడైంది. ఆ టెంపో ఏదనుకున్నారు? లక్నోలో తయారైన మన విక్రమ్. హైదరాబాద్‌లో ఒకప్పుడు సెవెన్ సీటర్ ఆటో ఎక్కినవాళ్ళకి ఆ మోత, ఆ నల్ల పొగ చెప్పక్కర్లేదు. ఖాట్మండూ గిన్నెలాంటి లోయ, చలికాలంలో పొగ పైకి పోదు.

దాని పేరు సఫా టెంపో. నేపాలీలో సఫా అంటే శుభ్రం. ఆరు వోల్టుల సీసం బ్యాటరీలు పన్నెండు, అంటే 72 వోల్టులు. ఒక సెట్టుతో అరవై కిలోమీటర్లో ఎంతో వెళ్ళేది. రోజంతా తిరగాల్సిన బండికి అది చాలదు, గంటల తరబడి ఛార్జింగుకి ఆగితే బేరం పోతుంది. అందుకని ప్రతి బండికీ రెండు సెట్లు. మధ్యాహ్నం స్టేషన్‌కి వెళ్ళి ఖాళీ సెట్టు లాగేసి నిండు సెట్టు తోసుకుని కొద్ది నిమిషాల్లో మళ్ళీ రోడ్డు మీదకి. బ్యాటరీ స్వాపింగ్ అంటూ ఈ పదేళ్ళలో స్టార్టప్పులు స్లైడ్లు చూపించిన పని ఖాట్మండూలో 1990లలోనే జరిగింది, ఏ యాప్ లేకుండా. 2000 నాటికి ఆరొందల పైచిలుకు టెంపోలు, ముప్పైకి పైగా ఛార్జింగ్ స్టేషన్లు. డ్రైవర్లలో చాలామంది ఆడవాళ్ళు.

1999లో ప్రభుత్వం ఖాట్మండూ లోయలో డీజిల్ విక్రమ్‌లని నిషేధించింది. ఇక సఫాకి ఎదురేముంది అనుకుంటాం కదా. నిషేధం వల్ల బండి పోయిన యజమానులకి నష్టపరిహారంగా మైక్రోబస్సులు తెచ్చుకోడానికి దిగుమతి సుంకంలో భారీ రాయితీ ఇచ్చారు. అవి పెట్రోలు, గ్యాసు బళ్ళు. వేగంగా పోతాయి, బ్యాటరీ మార్చే ఖర్చు లేదు. సఫా అక్కడే ఆగిపోయింది. ఆపైన లోడ్‌షెడ్డింగ్: ఆ తర్వాతి దశాబ్దంలో చలికాలం రోజుకి 16 గంటల దాకా కోత. ఛార్జింగ్ స్టేషన్ ఉండీ కరెంటు లేకపోతే ఏం చేస్తారు?

నేనిన్నాళ్ళూ "ముందు ఛార్జర్లు పెట్టండి, బళ్ళు వాటంతటవే వస్తాయి" అని వాదించే బాపతు. అసోసియేషన్ మీటింగుల్లోనూ అదే పాట. సఫా కథ చదివాక నా వాదనలో చిల్లు కనపడింది. వాళ్ళ దగ్గర ఛార్జర్లు ఉన్నాయి, బళ్ళున్నాయి, నడిపేవాళ్ళున్నారు. దెబ్బ తీసింది ఒక సుంకం నిర్ణయం, గ్రిడ్డు.

మూడోసారి కథ కూడా మూసిన సరిహద్దుతోనే మొదలైంది. 2015 ఏప్రిల్‌లో భూకంపం, సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం, దానిమీద తరాయి ప్రాంతంలో ఆందోళన, ఆ వెంటే మన వైపు నుంచి లారీలు ఆగిపోవడం. 2016 ఫిబ్రవరి దాకా సాగింది. దిగ్బంధనం మేం చెయ్యలేదని ఢిల్లీ అంది, నేపాలీలు ఎవరూ నమ్మలేదు. చదువుతుంటే నాకు ఇబ్బందిగానే అనిపించింది. 2015 చలికాలంలో నేను ఆఫీసులో క్యాబ్ ఆలస్యమైందని మెయిళ్ళు పెట్టుకుంటున్నాను.

ఈసారి తేడా కరెంటులో వచ్చింది. 2016 సెప్టెంబరులో కుల్‌మాన్ ఘీసింగ్ నేపాల్ విద్యుత్ ప్రాధికరణకి అధిపతి అయ్యారు, కొద్ది నెలల్లో ఖాట్మండూలో కోతలు పోయాయి. ఆ ఏడాదే భారత్ నుంచి పెద్ద లైను రావడం, కొన్ని పరిశ్రమలకి రహస్యంగా పోతున్న సరఫరా సరిచెయ్యడం రెండూ పనిచేశాయి. 2021లో 456 మెగావాట్ల అప్పర్ తామాకోశీ మొదలయ్యేసరికి వానాకాలంలో కరెంటు మిగిలిపోవడం మొదలైంది. ప్రైవేటు జలవిద్యుత్ వాళ్ళతో ఒప్పందాల ప్రకారం వాడినా వాడకపోయినా డబ్బు కట్టాలి. మిగిలిన కరెంటుకి కొనేవాడు కావాలి. ప్రాధికరణే 51 ఛార్జింగ్ స్టేషన్లు పెట్టింది, రాత్రి రేటు తగ్గించింది, మిగతాది జనానికి వదిలేసింది. హైవే హోటల్ యజమానికి ఇది అర్థం కావడానికి ఎవరూ స్లైడ్లు చూపించక్కర్లేదు. బండి గంట ఆగితే పది ప్లేట్ల దాల్‌భాత్ అమ్ముడవుతుంది. ఇప్పుడు ప్రైవేటు ఛార్జర్లు వెయ్యి దాటాయి.

బళ్ళు రావడానికి మళ్ళీ సుంకమే కారణం. పెట్రోలు కారు మీద అన్ని పన్నులూ కలిపి రెండొందల శాతం దాటిపోతే, చిన్న కరెంటు కారుకి నామమాత్రం. 2020 బడ్జెట్లో ఉన్నట్టుండి కరెంటు కార్ల కస్టమ్స్ సుంకం 10 నుంచి 80 శాతానికి పెంచి, పైన ఎక్సైజు కూడా వేశారు, అమ్మకాలు కుదేలయ్యాయి. 2021లో మళ్ళీ దించారు. 2024 కల్లా దిగుమతయ్యే కార్లలో నూటికి డెబ్భై కరెంటువే. 2023, 2024 బడ్జెట్లు మళ్ళీ కొంచెం కొంచెం పెంచాయి. కార్ల దిగుమతి సుంకం అక్కడి ఖజానాకి పెద్ద ఆదాయం, దాన్ని ఎన్నాళ్ళు వదులుకుంటారో ఆ ఆర్థిక మంత్రులకే తెలియాలి. ఇంకో మాట: చలికాలం నదులు సన్నబడితే వాళ్ళూ మన దగ్గర కరెంటు కొంటారు, అందులో మన బొగ్గు ఉంటుంది.

ఇంకొకటి మర్చిపోయాను. వచ్చేసే ముందురోజు ఖాట్మండూలో అమ్మా నేనూ రత్నపార్కు దగ్గర సఫా టెంపో ఎక్కాం. అవును, ఇంకా తిరుగుతున్నాయి, కొన్నిటికి లిథియం బ్యాటరీలు కూడా పెట్టారు. ఆవిడ వయసు యాభై దాటి ఉంటుంది, ఇరవై రెండేళ్ళ బట్టి నడుపుతోందట. మా అమ్మని "ఆమా" అని పిలిచింది. నేపాలీలో అమ్మని అలాగే అంటారు, మా అమ్మ మురిసిపోయింది. "మీది కొత్త బ్యాటరీయేనా?" అని అడిగాను. "పాతదే, సీసానిది. లిథియానికి అప్పు పుట్టలేదు" అంది. "మధ్యాహ్నం సెట్టు మార్చుకోవాలి, చివరిదాకా వెళ్ళను, ముందే దిగిపోండి" అని స్టేషన్‌కి ఒక స్టాపు ముందే మమ్మల్ని దింపేసింది.