వైఎంసీఏలో ‘సీ’, పిడికెడు బియ్యం

నారాయణగూడ చుట్టుపక్కల పెరిగినవాళ్లకి వైఎంసీఏ అంటే ఒక బస్టాపు, ఒక బాస్కెట్‌బాల్ కోర్టు, ఆటోవాడికి చెప్పే కొండగుర్తు. అంతే. అందులో ‘సీ’ అంటే క్రిస్టియన్ అని నాకు ఇంజనీరింగ్‌లో చేరేదాకా తట్టలేదంటే నమ్మండి. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షల పుస్తకాల ముందు కునికిపాట్లు పడే రోజుల్లో, సాయంత్రం చాయ్ కోసం ఆ చౌరస్తాకే నడిచొచ్చేవాళ్లం. ఆ నాలుగు పొడి అక్షరాల వెనక ఏముందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇన్నేళ్లకి అడగాలనిపించడానికి కారణం కూడా చాయే.

కొన్నేళ్ల కిందట మా ఆఫీసులో వలంటీరింగ్ డే పెట్టారు. ఇరవై మందిమి ఒకే రంగు టీషర్టులేసుకుని, కాచిగూడ స్టేషన్ వెనకాల ఒక బస్తీకి వెళ్లి పిల్లలకి స్కూలు బ్యాగులు పంచాం. పని గంటలో అయిపోయింది. ఫోటోలకి ఇంకో అరగంట. బయల్దేరుతుంటే ఒక పెద్దావిడ మా అందరికీ చాయ్ పెట్టి, స్టీలు పళ్లెంలో గ్లాసులు సర్దుకుని తెచ్చింది. “తాగి పోండ్రి బిడ్డా” అంది. మా లీడ్ వాచీ చూసుకుని “వద్దమ్మా, టైమైపోయింది, బస్సు వెయిట్ చేస్తోంది” అన్నాడు. నేనూ నోరెత్తలేదు. బస్సు కదిలేటప్పటికి ఆవిడ ఆ గ్లాసుల్లో చాయ్‌ని ఒక్కొక్కటీ మళ్లీ గిన్నెలోకి వంపుకుంటోంది.

ఇందులో ఏదో తప్పుందని అప్పుడే అనిపించింది గానీ, ఆ తప్పేంటో తెలియడానికి నేను వందేళ్ల వెనక్కి వెళ్లాల్సొచ్చింది.

అమెరికాలో ఉన్నవాళ్లు ఎపిస్కోపల్ చర్చి బోర్డులు చూసే ఉంటారు. న్యూయార్క్ మన్‌హట్టన్‌లో హోలీ అపోజల్స్ అని ఒక ఎపిస్కోపల్ చర్చి ఉంది. 1982లో అక్కడ పేదలకి ఉచిత భోజనం మొదలుపెట్టారు. 1990లో చర్చి తగలబడింది. బాగు చేశాక, ప్రార్థన జరిగే పెద్ద హాల్లోనే బల్లలు వేసి వడ్డించడం మొదలుపెట్టారు. తినడానికి వచ్చినవాడు ఏ మతం అని అడగరు. వడ్డించే వలంటీర్లు కూడా అందరూ ఆ చర్చి వాళ్లే కానక్కర్లేదు. నాకు నచ్చింది వంట సంగతి కాదు, ఆ హాలు సంగతి. గుళ్లో అయితే గర్భగుడి ముందు మండపంలో పంక్తి వేసినట్టు అన్నమాట.

ఎపిస్కోపల్ అంటే బిషప్పుల పాలనలో నడిచేది అని అర్థం. ఇంగ్లండు వాళ్ల ఆంగ్లికన్ చర్చికి అమెరికా స్వాతంత్ర్యం తర్వాత అక్కడ స్థిరపడిన పేరు అది. మరి మన దగ్గర? అబిడ్స్ దగ్గరున్న సెయింట్ జార్జ్ చర్చి ఆ ఆంగ్లికన్ కుటుంబంలోదే (పక్కనే ఉన్న గ్రామర్ స్కూలు 1834 నాటిది). 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాగా ఏర్పడ్డారు. మనం సీఎస్ఐ అంటాం కదా, అదే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకి. హైదరాబాదు సీఎస్ఐ చర్చిలు మెదక్ డయాసిస్ కిందకొస్తాయి. నగరం చర్చిలకి పెద్ద ఊరు మెదక్ కావడం గమ్మత్తుగా లేదూ?

సరే, వైఎంసీఏకి వద్దాం. 1844లో లండన్‌లో జార్జ్ విలియమ్స్ అనే బట్టలకొట్టు గుమాస్తా, తనలాంటి కుర్రాళ్లని పోగేసి మొదలుపెట్టిన సంఘం అది. పల్లెల నుంచి పనికోసం వచ్చి, కొట్టు మీద గదుల్లో ఇరుక్కుని, సాయంత్రాలు ఎటు పోవాలో తెలియని కుర్రాళ్లు. ఇవాళ అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండే మన తమ్ముళ్ల లాంటివాళ్లే. గమనించారా, అది ధనవంతులు పేదలకోసం పెట్టింది కాదు. ఒంటరిగా ఉన్నవాళ్లు తమకోసం తాము పెట్టుకున్నది.

ఆ వైఎంసీఏలో 1895లో కార్యదర్శిగా చేరిన ఒక తమిళ కుర్రాడే ఈ కథలో ముఖ్యుడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళైలో పుట్టాడు. తండ్రి పల్లెటూరి పాస్టరు. నాడార్ కులం, అంటే అప్పటి సమాజంలో గుళ్లోకి రానివ్వని కులం. దక్షిణాదంతా తిరిగాక ఆయనకి ఒక విషయం కొరుకుడు పడలేదు. అన్నీ దొరలే చెయ్యాలా? డబ్బు అక్కణ్ణుంచి, మనుషులు అక్కణ్ణుంచి, నిర్ణయాలూ అక్కణ్ణుంచేనా? 1903లో సొంతూరి వాళ్లతో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టించాడు. డబ్బూ మనుషులూ అన్నీ ఇక్కడివే. ఆ సంఘం పనికి ఎంచుకున్న చోటు మన నిజాం రాజ్యంలోని దోర్నకల్. 1909లో ఆయనే ఉద్యోగం వదిలి, తెలుగు నేర్చుకుని, అక్కడికొచ్చి కూర్చున్నాడు.

మరుసటేడు, 1910లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. దాదాపు 1200 మంది ప్రతినిధుల్లో ఆసియా వాళ్లు ఇరవై మంది కూడా లేరు. ముప్ఫై అయిదేళ్ల అజరయ్య అక్కడ లేచి దొరల ముఖం మీదే చెప్పిన మాట సారాంశం ఇది: మీరు చేసిన త్యాగాలు మేం మర్చిపోం, మీ డబ్బు మాకు చేరింది, అయినా మీరు మాతో స్నేహం చెయ్యలేదు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన దేశీయ పాస్టరుతో ఒక పూట కూర్చుని భోంచెయ్యని దొరలున్నారని ఆయన బాధ. సభలో చాలామందికి అది మింగుడు పడలేదు.

ఇది చదివినప్పుడు నాకు ఆ చాయ్ గ్లాసులు గుర్తొచ్చాయి. తప్పు ఎక్కడుందో అప్పుడర్థమైంది. మేం ఇవ్వడానికి వెళ్లాం, పుచ్చుకోవడానికి సిద్ధపడి వెళ్లలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో అజరయ్య బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్. డయాసిస్ దోర్నకల్. సికింద్రాబాద్ నుంచి విజయవాడ పోయే రైల్లో కాజీపేట దాటాక వచ్చే జంక్షనే. మొదట్లో చిన్న డయాసిస్, తర్వాత కృష్ణా ప్రాంతం కూడా కలిసింది. 1941 నాటికి అందులో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. ఎక్కువమంది మాలలు, మాదిగలు. భూమి లేనివాళ్లు, కూలి దొరికిన రోజే పొయ్యి వెలిగేవాళ్లు.

ఇప్పుడు అసలు సంగతి. ఇలాంటి వాళ్లతో సంఘం ఎలా నడుస్తుంది? మామూలు లెక్క ప్రకారం వీళ్లు ‘లబ్ధిదారులు’. అజరయ్య లెక్క వేరు. వీళ్లే దాతలు, వీళ్లే వలంటీర్లు. ఆడవాళ్లు వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు. అది సంఘానికి తెచ్చేవాళ్లు. కోతల పండక్కి ధాన్యం, గుమ్మడికాయ, కోడి, ఏది ఉంటే అది. జీతం లేని మామూలు జనం ఏటా ఒక వారం పాటు పక్క ఊళ్లకి వెళ్లి తమ కథ తాము చెప్పుకునేవాళ్లు. దానం చెయ్యడం పేదవాడికి భారం కాదు, అది అతని హక్కు అని ఆయన గట్టి నమ్మకం. ఆ విషయం మీద ఒక పుస్తకమే రాశాడు.

‘ముష్టి’ అంటే సంస్కృతంలో పిడికిలి. తెలుగులోకి వచ్చేసరికి పిడికెడు గింజల కోసం చాపే చెయ్యి అయిపోయింది, ఆపైన తిట్టయింది. తరతరాలుగా ఆ మాట పడ్డవాళ్లు తమ కుండలోంచి తామే పిడికెడు తీసి ఇవ్వడం ఎంత పెద్ద తిరుగుబాటో ఆలోచించండి.

ఇక్కడ చాలామందికి ఒక ప్రశ్న వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. ఇదంతా మతం మార్చడానికే కదా? నిజమే, అజరయ్య దాన్ని దాచుకోలేదు. 1936-37 ప్రాంతంలో గాంధీ తన ‘హరిజన్’ పత్రికలో ఈ సామూహిక మతమార్పిడుల్ని గట్టిగా విమర్శించాడు. సేవ చెయ్యండి, మతం జోలికి పోకండి అన్నాడు. దేవుణ్ణి ఎంచుకునే హక్కు అంటరానివాడికి లేదా అన్నది అజరయ్య వైపు వాదన. ఇద్దరూ జాతీయవాదులే. క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని అజరయ్య వాదించాడు కూడా.

సేవని ఎరగా వాడటం నాకు నచ్చదు. ఆకలితో ఉన్నవాడికి షరతు పెట్టి అన్నం పెట్టడం ఏ మతంవాడు చేసినా తప్పే. కరువు రోజుల్లో అన్నం కోసం చర్చిని ఆశ్రయించినవాళ్లు లేరని కూడా అనను. మెదక్ కెథడ్రల్ (1924) కథలోనే కరువు కూలీలున్నారు. కానీ “బియ్యానికి మతం మారారు” అని ఒక్క మాటలో కొట్టిపారేసేవాళ్లని ఒకటడుగుతా. బియ్యానికి అమ్ముడుపోయినవాడు ఏళ్ల తరబడి రోజూ తన బియ్యంలోంచి పిడికెడు వెనక్కి ఎందుకిస్తాడండీ? వాళ్లకి అక్కడ బియ్యం కాక ఇంకేదో దొరికి ఉండాలి. ఇచ్చేవాడి స్థానం దొరికింది అని నా అభిప్రాయం.

అలాగని అజరయ్య చర్చి స్వర్గమేం కాదు. మాల-మాదిగ తగాదాలు గుమ్మం దాటి లోపలికీ వచ్చాయి. కులం బాప్తిస్మంతో కడిగితే పోయే మరక కాదు.

ఇంకో ఉదాహరణ చెప్తా, మతం మారకుండానే చెయ్యి కలిపినది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరు నడిపిన కుష్ఠు ఆస్పత్రి 1915లో తెరిచారు. ఆమె వెస్లియన్ మెథడిస్టు మిషన్ మనిషి. పెద్ద విరాళం ఇచ్చింది రాజా నర్సా గౌడ్ అనే హిందువు. ఉన్నది ముస్లిం ప్రభువు రాజ్యంలో. ఊరవతలికి నెట్టేసిన రోగుల విషయంలో ఈ ముగ్గురికీ పేచీ రాలేదు.

దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌ని 1939లో ప్రతిష్ఠించారు. మసీదులాంటి గుమ్మటాలు, గుడిలాంటి స్తంభాలు, లోపల శిలువ. ఇక్కడి మట్టిలోంచి లేచినట్టుండాలని అజరయ్య పట్టుబట్టాడు. సీఎస్ఐ ఐక్యత కోసం ఆయన ఏళ్ల తరబడి తిరిగాడు గానీ చూడలేకపోయాడు. 1945 జనవరి 1న పోయాడు.

తెలుగు సీఎస్ఐ చర్చిల్లో ఆడవాళ్ల సంఘాన్ని ‘స్త్రీల మైత్రి’ అంటారు. జబ్బు పడ్డవాళ్లని చూసిరావడం, చావులకి వెళ్లడం, పండక్కి పేదలకి వండటం లాంటి పనులన్నీ వాళ్ల మీదే నడుస్తాయి. ఆ పేరులో ‘సేవ’ అన్న మాట లేదు, మైత్రి ఉంది. ఎడిన్‌బరోలో అజరయ్య అడిగింది కూడా అదే కదా.

మనం ఐటీ వాళ్లం అన్నిటికీ మెట్రిక్స్ అడుగుతాం. ఎన్ని బ్యాగులు, ఎన్ని గంటలు, ఎంతమంది లబ్ధిదారులు. అవి తప్పని కాదు, బ్యాగులు పిల్లలకి పనికొచ్చే ఉంటాయి. కానీ ఆ పెద్దావిడ చాయ్‌కి మా ఎక్సెల్ షీట్‌లో కాలమ్ లేదు.

మొన్న మళ్లీ వలంటీరింగ్ ఫారం వచ్చింది. సలహాల గడిలో రెండు ముక్కలు రాశాను. ఏడాదికి పది బస్తీలు వద్దు, ఒకే బస్తీకి పదిసార్లు వెళ్దాం. వెళ్లినప్పుడల్లా ఓ గంట ఎక్కువ పెట్టుకుందాం, వాళ్లు చాయ్ ఇస్తే కూర్చుని తాగడానికి.

హెచ్ఆర్ నుంచి ఇంకా జవాబు రాలేదు. మీ ఆఫీసుల్లో ఇంతకంటే నయంగా ఎక్కడైనా జరుగుతుంటే చెప్పండి, నేర్చుకుంటాం.