తొలిపలుకు చిప్పు, దానికి సరిజోడు

రేడియో సెట్టు ఇంటనున్నవారికి వాల్వు మార్పిడి యను మాట క్రొత్తది కాదు. వాల్వుల కాలమున సెట్టు మూగవోయినచో బాగుచేయువాడు మొదట చూచునది కాలిపోయిన వాల్వుపైని అక్షరములను. ఐరోపా పద్ధతిలో పేరునకు మొదటి అక్షరము ‘ఇ’ యైనచో దాని తంతువునకు 6.3 వోల్టులు కావలెను. ‘డి’ యైనచో 1.4 వోల్టులు, అనగా బ్యాటరీ సెట్టుది. ‘యు’ యైనచో 100 మిల్లీ ఆంపియర్ల వరుసలో నిలుచునది. ఇ.ఎల్. 84, యు.ఎల్. 84 రెండును తొమ్మిది కాళ్ళవే. రెండును లౌడుస్పీకరునకు బలమిచ్చునవే. కాని మొదటిదాని తంతువు 6.3 వోల్టులు కోరగా రెండవది 45 వోల్టులు కోరును. ఒకదాని చోట వేరొకటి పెట్టినచో పాట రాదు. అదే ఇ.ఎల్. 84 చోట అమెరికా పేరుగల 6 బి.క్యూ. 5 ను పెట్టినచో సెట్టు హాయిగా పాడును. రూపమొకటియై గుణము వేరగుట, పేరు వేరై గుణమొకటి యగుట, ఈ రెండింటిని ఎఱిగినవాడే మంచి మెకానిక్కు.

వాల్వులు పోయినవి, ఆ ప్రశ్న మాత్రము నిలిచినది. నేడు ఇండ్లలో, పాఠశాలలలో, కార్యాలయములలో నున్న కంప్యూటర్లలో గోరంత చిప్పు ఒకటి యుండును. మీట నొక్కగానే యంత్రమునకు కన్ను తెరపించి, ఇది తెర, ఇది కీబోర్డు, ఇది స్మృతి యని గుర్తుపట్టించు వ్రాత అందుండును. ఆ వ్రాతకు ఫర్మ్‌వేరని పేరు. సాఫ్టువేరు సులభముగా మారునది, హార్డువేరు మారనిది. ఆ రెంటి నడుమ నిలుచునది గనుక 1967 లో ఆషర్ ఓప్లర్ అను అమెరికా దేశీయుడు ఈ పేరు పెట్టెను. మనము దీనిని యంత్రము యొక్క తొలిపలుకు అనుకొందము.

ఈ చిప్పు గొడవ మందస వంటి యూళ్ళకు ఏల యందురా? ఉద్దానము తుఫానుల దారిలో నున్నది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి, కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభములను కూడ కూల్చినది. తుఫాను లేనినాడును గాలివానకు కరెంటు పోవుట ఈ ప్రాంతమున వింత కాదు. చిప్పులోని పాత వ్రాతను తుడిచి క్రొత్తది వ్రాయుచుండగా కరెంటు పోయినచో, సగము వ్రాతతో యంత్రము మూగదగును. సముద్రపు ఉప్పుగాలి చిప్పు కాళ్ళకు త్రుప్పు పట్టించును. అట్టివేళ బోర్డంతయు పారవేయవలెనా, చిప్పొకటి మార్చిన చాలునా యను ప్రశ్న పుట్టును. చిప్పు చిన్నదే, బోర్డు ఖరీదు మాత్రము సామాన్య గృహస్థునకు చిన్నది కాదు.

ఈ చిప్పు పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొనుట మేలు. తొలినాళ్ళలో ఈ వ్రాత కర్మాగారమునందే శాశ్వతముగా చెక్కబడెడిది. 1971 లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ అను ఇంజనీరు, వ్రాసినదానిని చెరిపి మరల వ్రాయదగిన చిప్పును కనిపెట్టెను. దాని సంఖ్య 1702; పట్టునది 2048 బిట్టులు, అనగా 256 బైటులు మాత్రమే. దాని నెత్తిన స్ఫటికపు కిటికీ యుండెడిది. బోర్డునుండి ఊడదీసి, ఆ కిటికీ గుండ అతినీలలోహిత కాంతిని కొన్ని నిమిషములు ప్రసరింపజేసినగాని పాత వ్రాత చెరగెడిది కాదు. 1984 లో జపానులోని తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా, విద్యుత్తుతోనే పెద్ద భాగములను ఒక్కసారిగా చెరపగల చిప్పును లోకమునకు వెల్లడించెను. కెమెరా ఫ్లాష్ వెలిగినట్లు క్షణములో చెరగుటచే ఆయన సహోద్యోగి యొకరు దానికి ఫ్లాష్ అని పేరు సూచించిరి. క్రమముగా కంప్యూటరు తొలిపలుకు ఫ్లాష్ చిప్పులోనికి చేరినది. ఇక చిప్పు ఊడదీయ నక్కరలేదు, కూర్చున్నచోటనుండియే మార్చవచ్చును.

సౌకర్యము వెంట అపాయమును వచ్చినది. యజమాని మార్చగలిగినదానిని దుండగుడును మార్చగలడు. తైవాను విద్యార్థి చెన్ ఇంగ్-హౌ 1998 లో వ్రాసిన సి.ఐ.హెచ్. అను వైరసు, 1999 ఏప్రిల్ 26 న పలు దేశములలో ఒక్కసారిగా మేల్కొన్నది. అది డిస్కులోని సమాచారమును పాడుచేయుటయే గాక, వీలైన బోర్డులపై ఫ్లాష్ చిప్పులోని తొలిపలుకును కూడ చెరపజూచినది. ఆ దెబ్బ తిన్న యంత్రము మీట నొక్కినను పలుకదు. సాకెట్టులో చిప్పున్న బోర్డులకు మెకానిక్కులు ఒక సాహసపు వైద్యము చేసెడివారు. అదే రకపు మంచి యంత్రమును నడిపించి, అది నడుచుచుండగానే దాని చిప్పును మెల్లగా తీసి, చచ్చిన చిప్పును ఆ సాకెట్టులో పెట్టి వ్రాసెడివారు. చిప్పే పాడైనచో సరిజోడు వెదుకుట తప్పనిసరి.

అదే 1999 లో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో రాన్ మిన్నిక్ అను శాస్త్రజ్ఞుడు వేరొక దారి తెరచెను. తయారీదారుడిచ్చిన రహస్యపు తొలిపలుకునకు బదులు, ఎవరైనను చదివి దిద్దుకొనదగిన తొలిపలుకును తామే వ్రాసికొనవలెనని ఆయన సంకల్పము. దానికి మొదట లినక్స్‌బయోస్ అనియు, 2008 నుండి కోర్‌బూట్ అనియు పేరు. ఈ ఉద్యమముతో చిప్పుల వేట క్రొత్త మలుపు తిరిగినది. పాడైనందుకే గాక, చోటు చాలనందుకును చిప్పు మార్చు నవసరము కలిగినది. ఆసుస్ వారి కె.జి.పి.ఇ.-డి 16 అను సర్వరు బోర్డు ఇందుకు ఉదాహరణము. కర్మాగారమునుండి దానితో వచ్చునది 2 మెగాబైటుల చిప్పు. అది సాకెట్టులో నుండుటచే ఔత్సాహికులు దానిని తీసి 16 మెగాబైటుల చిప్పును పెట్టుకొనిరి.

ఇక సరిజోడును పోల్చుట ఎట్లు? మొదటిది ఆకారము. తాటాకు గ్రంథమున నడుమ నొక ఆకు శిథిలమైనచో, క్రొత్త ఆకు అదే పొడవుండవలెను, దారము దూరు రంధ్రము అదే చోట నుండవలెను. లేనిచో అది కట్టలో నిలువదు. చిప్పుల విషయమును అంతే. సాకెట్టులో గ్రుచ్చు ఎనిమిది కాళ్ళ చిప్పునకు కాళ్ళ నడుమ దూరము 2.54 మిల్లీమీటర్లు, బోర్డుపై అతుకు ఎనిమిది కాళ్ళ చిప్పునకు 1.27 మిల్లీమీటర్లు. ఈ రెండవ జాతిలో మరల సన్నని మేను, వెడల్పు మేను అని రెండు రకములు కలవు. కాళ్ళే లేక అడుగున లోహపు పట్టీలు మాత్రమున్న రకము నొకటి కలదు. దానిని ఇంటిలో ఊడదీయుట అనుభవము లేనివారికి తగదు.

రెండవది భాష. పాత బోర్డులపై చతురస్రపు సాకెట్టులో 32 కాళ్ళ చిప్పులుండెడివి. చూపునకు అన్నియు కవలపిల్లలే; కాని బోర్డుతో మాటాడు తీరు వేరు. విన్‌బాండ్ సంస్థ వారి డబ్ల్యు 39 వి 040 ఎ, డబ్ల్యు 39 వి 040 ఎఫ్.ఎ. అను రెండింటికిని పేరులో భేదము ఒక్క ‘ఎఫ్’ అక్షరమే. ఆ అక్షరము లేనిది ఎల్.పి.సి. యను భాషను, ఉన్నది ఎఫ్.డబ్ల్యు.హెచ్. అను భాషను మాటాడును. ఒక అక్షరము చదువక పోయినచో కొన్న చిప్పు వ్యర్థము. తరువాతి బోర్డులలో ఎస్.పి.ఐ. యను భాష వచ్చి, కాళ్ళు 32 నుండి 8 కి తగ్గినవి.

మూడవది వోల్టేజి. డబ్ల్యు 25 క్యూ 64 ఎఫ్.వి. యనునది 3.3 వోల్టులది, చివరి అక్షరము మారి ఎఫ్.డబ్ల్యు. అయినచో 1.8 వోల్టులది. మన ఇ.ఎల్. 84, యు.ఎల్. 84 ల కథయే మరల వచ్చినది. తక్కువ వోల్టుల చిప్పునకు ఎక్కువ వోల్టులిచ్చినచో అది కాలిపోవచ్చును.

నాల్గవది పరిమాణము. పేరులోని 64 మెగాబైటులు కావు, మెగాబిట్టులు. ఎనిమిదిచే భాగింపగా వచ్చునది 8 మెగాబైటులు. అమ్మువాని మాటకంటె చిప్పు మాట నమ్మదగినది. ‘నీ వెవరవు?’ అని అడిగినచో ఈ చిప్పు మూడు సంఖ్యలు చెప్పును: ‘ఇ.ఎఫ్., 40, 17’. మొదటిది విన్‌బాండ్ వారి గోత్రము, రెండవది జాతి, మూడవది పరిమాణము. అది షోడశాంశ మానమున 17, మన లెక్కలో 23. రెండును 23 మారులు హెచ్చించినచో 83,88,608 బైటులు, అనగా సరిగా 8 మెగాబైటులు. చిన్న చిప్పులపై పెద్ద పేరు అచ్చువేసి అమ్ము మోసము కలదు గనుక ఈ ప్రశ్న అడుగక చిప్పును బోర్డుపై అతుకరాదు. 16 మెగాబైటులు ఒక సరిహద్దు. చిరునామాకు మూడు బైటులు వాడు పద్ధతిలో అంతకు మించి చేరలేము. మించిన చిప్పునకు నాలుగు బైటుల చిరునామా కావలెను, పాత బోర్డులకు అది తెలియదు.

పెద్ద చిప్పు పెట్టువారు మరువరాని సంగతి యింకొకటి కలదు. ఇంటెల్ వంశపు ప్రాసెసరు మేల్కొనగానే చూచు చోటు, 4 గిగాబైటుల చిరునామా ప్రదేశమున తుదినుండి 16 బైటుల ముందున్నది. పాత బోర్డులలో ఆ చోటునకు ఎదురుపడునది చిప్పు యొక్క చివరి భాగము. కావున 2 మెగాబైటుల వ్రాతను 16 మెగాబైటుల చిప్పులో ఆరంభమున వ్రాసినచో యంత్రము పలుకదు. ముందు చోటు ఖాళీ యుంచి తుదను వ్రాయవలెను.

అన్నిటికంటె ముఖ్యము పాత వ్రాతను దాచుకొనుట. అనేక యంత్రములలో నెట్‌వర్కు చిరునామా వంటి ఆ యంత్రమునకే చెందిన వివరములు పాత చిప్పులోనే యుండును. అవి బజారులో దొరకవు. చిప్పును రెండు మూడు మారులు చదివి, ప్రతులన్నియు ఒక్కటిగా నున్నవని సరిచూచి, ఒక ప్రతిని వేరుచోట భద్రపరచి, ఆ తరువాతనే చేయి పెట్టవలెను. ఫ్లాష్‌రామ్ అను ఉచిత ప్రోగ్రాము ఈ చదువును వ్రాతను రెండింటిని చేయును.

ఇంతవఱకు చిప్పు మార్చగలుగుట మేలని చెప్పితిమి. మార్చరాని చోటును కలదు. హైదరాబాదులో 1967 లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, ఈ రెండు ప్రభుత్వ సంస్థలే మన ఓటింగు యంత్రములను చేయుచున్నవి. 1982 లో కేరళలోని పరూరులో మొదటిసారి వాడిన ఈ యంత్రములందు ప్రోగ్రామును ఒక్కసారి మాత్రమే వ్రాయు చిప్పులో ఉంచుట నియమము. 2010 లో హైదరాబాదునకు చెందిన హరిప్రసాద్, మిచిగాన్ విశ్వవిద్యాలయపు అలెక్స్ హాల్డర్మన్, నెదర్లాండ్సునకు చెందిన రాప్ గాంగ్రైప్ ఒక పరిశోధన ప్రకటించిరి. యంత్రము చేతికి చిక్కినచో, ఓట్లు దాచు చిప్పుల కాళ్ళకు చిన్న పరికరము తగిలించి లెక్కలు మార్చవచ్చునని వారు చూపిరి. యంత్రములు కట్టుదిట్టమైన కాపలాలో నుండుటచే అది జరుగదని ఎన్నికల సంఘము చెప్పినది. 2013 నుండి ఓటు కాగితముపై కనబడు ఏర్పాటు వచ్చినది. ఓడిన అభ్యర్థులలో రెండవ, మూడవ స్థానములవారు వ్రాసి కోరినచో, నూటికి 5 యంత్రముల చిప్పులలోని వ్రాతను పరీక్షింపవలెనని 2024 ఏప్రిల్ 26 న సుప్రీంకోర్టు ఆదేశించినది. ఈ యంత్రము అందఱిది గనుక ఏ ఒక్కరును దాని చిప్పును మార్చరాదు. అందఱిది గనుకనే పరీక్షకు దారి యుండవలెను.

ఇంటి కంప్యూటరు సంగతి వేరు. 2013 లో ఇంటెల్ సంస్థ బూట్‌గార్డ్ అను తాళమును ప్రవేశపెట్టినది. ఈ తాళము వేసిన యంత్రమునకు ఆకారము, భాష, వోల్టేజి, పరిమాణము నాలుగును సరిపడిన చిప్పును పెట్టినను, అందలి వ్రాతపై తయారీదారుని ముద్ర లేనిచో అది లేవదు. సి.ఐ.హెచ్. వంటి దుండగములను ఆపుటకే యీ తాళమని తయారీదారుల వాదము. ఆ వాదమున సత్యము లేకపోలేదు. కాని డబ్బిచ్చి కొన్న గృహస్థునకు తాళపుచెవి లేకుండుట న్యాయమా? ఇంటికి తాళము వేయుట భద్రతయే; తాళపుచెవి ఇల్లు కట్టిన మేస్త్రి మాత్రమే తనయొద్ద ఉంచుకొన్నచో దానిని భద్రత యనజాలము. బాగుచేయువాడు సరిజోడును వెదకి తెచ్చినను బాగుపడని యంత్రములు పెరిగిన కొలది, దూరపు టూళ్ళవారు మొదట నష్టపోవుదురు.

ఆంధ్రప్రదేశమున ఒక చిప్పుల ప్యాకేజింగు కర్మాగారమునకు 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము అనుమతి నిచ్చినది. చిప్పులు మన గడ్డమీద రూపు దిద్దుకొనుట సంతోషము. అంతకు ముందే మనము చేసికొనదగిన పనులు కలవు. కంప్యూటరు కొనునపుడు తొలిపలుకు చిప్పు సాకెట్టులో నున్నదా, అతుకబడినదా యనియు, తాళము వేయబడినదా యనియు అడుగవలెను. చిప్పుమీది అక్షరములను చివరి అక్షరము వఱకు పుస్తకములో వ్రాసి యుంచవలెను. గాలివాన నాడు ఫర్మ్‌వేరు జోలికి పోరాదు. ఒకప్పుడు వాల్వు సంఖ్యలు వ్రాసి యుంచుకొన్న ఇండ్లలో ఈ అలవాటు మరల నెలకొనును గాక.