కోఠీ వెనుక తోట

కోఠీ అంటే మనకు పాత పుస్తకాల అంగళ్లు, బస్టాపు, బేరాలు గుర్తొస్తాయి. ఆ పేరు మాత్రం అక్కడి రెసిడెన్సీ భవనం వల్ల వచ్చింది. కట్టిన రోజుల్లో అది మూసీ అవతల, నగర ప్రాకారానికి బయట ఉన్న పెద్ద తోట బంగళా.

బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ దీన్ని 1803 ప్రాంతంలో మొదలుపెట్టించాడు. ఖర్చు నిజాం ఖజానాది. స్థలం కోసం అతను పెద్ద నక్షా పట్టుకెళితే నిజాం అలీఖాన్ కాదన్నారట. అదే నక్షాను చిన్న చీటీ మీద గీయించి తీసుకెళ్తే సరేనన్నారట! ఇది పెద్దలు చెప్పుకునే ముచ్చట, నిజమెంతో గాని వినడానికి బాగుంటుంది.

ముందువైపు సింహాలు, ఎత్తైన స్తంభాలు అందరూ చూస్తారు. మేము చెప్పదలచింది వెనుక తోట సంగతి. కిర్క్‌పాట్రిక్ నికా చేసుకున్న ఖైరున్నిసా బేగం కోసం అక్కడ రంగ్ మహల్ అనే జనానా ఉండేది. బేగం పర్దాలో ఉండేవారు, ముందువైపుకు వచ్చి భవనాన్ని చూడటానికి వీల్లేదు. అందుకని స్తంభాలు, మెట్లతో సహా ఆ భవనానికే చిన్న నమూనా కట్టించి ఆమె తోటలో పెట్టించాడని చెబుతారు.

ఆ సంసారం ఎన్నాళ్లో సాగలేదు. 1805లో చిన్న పిల్లలిద్దరినీ ఇంగ్లండు పంపేశారు. అదే ఏడు అక్టోబరు 15న అతను కలకత్తాలో చనిపోయాడు. బేగం బిడ్డల్ని మళ్లీ చూడకుండానే 1813లో కన్నుమూశారు. అప్పటికామెకు ముప్ఫై ఏళ్లు కూడా లేవు.

1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనంతో వచ్చి ఈ రెసిడెన్సీ మీదనే పడ్డారు. తర్వాత దొరలు గోడలు, కోట గుమ్మాలు బలంగా కట్టుకున్నారు. కొద్దికాలానికే, 1860 ప్రాంతంలో, రంగ్ మహల్‌ను కూలగొట్టించారు. దొరగారి భవనం నిలిచింది, బేగంగారి ఇల్లు పోయింది. జనానా వైపు ఒక గుమ్మం, ఆ చిన్న నమూనా మిగిలాయి. ఆవరణలోనే తెల్లవారి సమాధులూ ఉన్నాయి.

1949లో ఇక్కడికి మహిళా కళాశాల వచ్చింది. ఒకప్పుడు బేగం కాలు పెట్టలేని ముందు మెట్ల మీద మన ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరిగారు. మాకు ఈ సంగతి చాలా నచ్చింది. భవనం పాడైపోతుంటే 2002లో ప్రపంచ స్మారక చిహ్నాల సంస్థ ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. మరమ్మతుల తర్వాత 2023లో మళ్లీ తెరిచారు.

పిల్లల్ని తీసుకెళ్లేవారు చదువుల ఆవరణ గనుక ముందు అనుమతి అడగండి. సింహాల దగ్గర ఫోటోలు తర్వాత దిగవచ్చు, మొదట వెనక్కి నడవండి.