జీపు వెనుక నడచిన బండి



పంట ఇల్లు చేరిన నాడు మనము ఎద్దులను మెచ్చుకొందుము, తోలినవానిని మెచ్చుకొందుము. బండి మాట ఎవరికిని జ్ఞప్తికి రాదు. యుద్ధచరిత్రల యందును ఇదే తీరు. సేనానుల పేర్లు మనకు తెలియును. విమానములను గూర్చియు, ఫిరంగులను గూర్చియు గ్రంథములు కలవు. ఆ ఫిరంగులకు గుండ్లను, సైనికులకు అన్నమును, గాయపడినవారికి కట్టుగుడ్డలను మోసిన చిన్నబండ్ల ప్రస్తావన మాత్రము అరుదు. అట్టి యొక బండిని గూర్చియు, ఎనుబదియేండ్ల తరువాత దానిని వెదకి తెచ్చి బాగుచేయుచున్న వారిని గూర్చియు, ఆ పనిలో వారికి ఎదురగు ఒక ధర్మసందేహమును గూర్చియు నేడు మనవి చేసెదను.

ట్రెయిలరనగా తనంత తాను కదలలేని బండి. ట్రాక్టరు వెనుక తగిలించు తొట్టిని చూచినవారికి దీని స్వరూపమును వేరుగ వర్ణింప నక్కరలేదు. నేను చెప్పబోవునది రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా సైన్యము జీపు వెనుక కట్టిన పావుటన్ను ట్రెయిలరు. దీని పుట్టుక విచిత్రమైనది.

1940 వ సంవత్సరమున అమెరికా సైన్యము, నాలుగు చక్రములకును యంత్రబలము అందునట్టి తేలికబండి నొకదానిని నిర్మించుటకై 135 కంపెనీలను ఆహ్వానించెను. మచ్చుబండిని ఒప్పగించుటకు పెట్టిన గడువు 49 దినములు మాత్రమే. ఆ గడువునకు ఒప్పుకొని నిలిచినది పెన్సిల్వేనియా రాష్ట్రమున బట్లరు పట్టణమందలి అమెరికన్ బాంటం కారు కంపెనీ. అది అప్పటికే ఆర్థికముగ చితికిపోయిన చిన్న సంస్థ. కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరు కొలది దినములలో పటములు గీచి యిచ్చెను. 1940 సెప్టెంబరు 23 వ తేదీన మచ్చుబండి మేరీలండులోని హోలబర్డు సైనికస్థావరమును చేరెను. మనము జీపని పిలుచు వాహనమునకు అదియే మూలము.

కాని సైన్యమునకు కావలసినవి వేలు, లక్షలు. అన్ని బండ్లు చేయు శక్తి బాంటమునకు కలదని సైన్యమునకు నమ్మకము కలుగలేదు. బాంటం వారి పటములను విల్లీస్, ఫోర్డు సంస్థలకును చూపిరి. 1941 లో పెద్ద కాంట్రాక్టు విల్లీస్ వారికి దక్కెను. పిమ్మట ఫోర్డువారును చేరిరి. యుద్ధము ముగియులోపల ఆ రెండు సంస్థలును కలిసి ఆరులక్షలకు పైగా జీపులు చేసినవి. మొదటి జీపును చేసిన బాంటం చేసినవి మూడువేలకు లోపే! దానికి మిగిలిన పనులలో ముఖ్యమైనది జీపు వెనుక కట్టు ట్రెయిలరు. కన్నబిడ్డను పరుల కప్పగించి, ఆ బిడ్డకు తొట్టెల చేసి యిచ్చు పనికి కుదిరినట్లయ్యెను. ఆ పనినే అది శ్రద్ధతో చేసి, డెబ్బదివేలకు పైగా ట్రెయిలర్లను సైన్యమున కొసగెను. విల్లీస్ వారును ఇట్టివానినే వేలకొలదిగ చేసిరి.

చూచుటకు ఇది సామాన్యమైన బండి. రెండు చక్రములు, ఇనుపరేకు తొట్టి, ముందు నొగవంటి చట్రము, దాని కొసన ఒక ఉక్కుకడియము. కడియమును జీపు వెనుకనున్న కొక్కెమునకు తగిలించిన చాలును. ఖాళీబండి బరువు సుమారు 550 పౌనులు, అనగా 250 కిలోలు. బాట లేని నేలపై మోయదగిన బరువు 500 పౌనులు. కాని దీనిని చేసినవారి యోచనను గమనింపుడు. చక్రములు జీపు చక్రముల కొలతవే. కావున దారిలో ఒకదాని చక్రము చెడినచో రెండవదాని చక్రమును వాడుకొనవచ్చును. తొట్టికి వెనుకతలుపు లేదు. నీరు చొరకుండునట్లు నాలుగు వైపులను మూసిరి. వాగు అడ్డము వచ్చినచో సామానుతో సహా పడవవలె తేలును. అడుగున రెండు రంధ్రములు, వానికి మూతలు కలవు. నేలపై నున్నపుడు మూతలు తీసినచో వాననీరు జారిపోవును; నీటిలో దిగునపుడు బిగింపవలెను. ఎద్దులను విప్పినపుడు మనము కాడి క్రింద నిలుపు ఊతకర్రవలె, ముందు మడుచుటకు వీలగు ఇనుపకాలు ఒకటి కలదు.

1944 జూన్ 6 వ తేదీన ఫ్రాన్సు దేశపు నార్మండీ తీరమున దిగిన సేనల వెంట ఈ బండ్లును దిగెను. ఇంజను లేని గ్లైడరు విమానములలో ఒకదానియందు జీపును, వేరొకదానియందు ట్రెయిలరును ఎక్కించి, శత్రుపంక్తుల వెనుక దింపిరి. మన దేశపు తూర్పుసరిహద్దున కూడ అమెరికా వాహనములు నడచినవి. అస్సామునందలి లెడో నుండి కొత్తగా వేసిన బాటపై 1945 జనవరి 12 వ తేదీన కదలిన మొదటి వాహనపంక్తి, ఫిబ్రవరి 4 వ తేదీన చీనాలోని కున్మింగు నగరమును చేరెను.

1945 లో యుద్ధము ముగిసెను. మిగిలిన బండ్లను అమెరికా ప్రభుత్వము అమ్మివేసెను. యూరపునందున్నవి కొన్ని అచటి సైన్యముల వశమయ్యెను. పెక్కింటిని రైతులు కొనిరి. గుండ్లు మోసిన తొట్టి ఎరువు మోసెను, గడ్డి మోసెను, కట్టెలు మోసెను. తలుపు లేని తొట్టి నుండి ఎరువు దింపుట కష్టము గనుక, రైతు వెనుకరేకును కోసి తలుపు పెట్టుకొనెను. కడియమును తీసి తన ట్రాక్టరునకు తగినదానిని అతికించెను. సైనికపు పాచిరంగుపై తనకు నచ్చిన ఎరుపో, నీలమో పూసెను. ఇట్లు నలుబది, ఏబది యేండ్లు సేవచేసి, అవి కొట్టముల వెనుక గడ్డిలో తుప్పుపట్టి పడియుండెను.

అట్టివానిని వెదకి బాగుచేయుట కొందరికి వ్యాసంగమయ్యెను. 1976 లో అమెరికాలో పాత సైనికవాహనముల నుద్ధరించువారి సంఘమొకటి ఏర్పడెను. బ్రిటను, ఫ్రాన్సు మున్నగు దేశములందును ఇట్టివారు కలరు. వీరిలో పెక్కురు వేరు వృత్తులతో జీవించుచు, సెలవుదినములలో ఈ పని చేయువారు. ట్రెయిలరునకు ఇంజను లేదు గనుక జీపుకంటె ఖర్చు తక్కువ. ఐనను పని సులభము కాదు.

మొట్టమొదట, ఒక్క మరనైనను విప్పకమునుపే బండిని అన్ని వైపుల నుండి ఫొటోలు తీసి, కొలతలు వ్రాసికొందురు. చక్రముల యెడ మిక్కిలి జాగ్రత్త వలయును. వీనిలో పెక్కింటి చక్రపుకట్టు రెండు బద్దలుగ చేసి మరలతో బిగించినది. గాలిని పూర్తిగా తీయక ఆ మరలను విప్పినచో, అది పిడుగువలె ఎగసి ప్రాణము తీయగలదు. పిమ్మట ఇరుసును శుభ్రపరచి కొత్తకందెన పెట్టుదురు. పాతరంగులలో సీసము కలిసియుండును గనుక ముక్కునకు, నోటికి రక్షణ లేక గీకరాదు. త్వరపడి ఇసుకధారతో గట్టిగ కొట్టినచో పలుచని రేకు వంకరపోవును.

ఓపికగలవాడు రంగును పొరపొరగ తీయును. పైన రైతు పూసిన ఎరుపు, దాని క్రింద మరియొక సైన్యపు రంగు, అన్నిటికి అడుగున యుద్ధకాలపు మెరుపులేని పాచిరంగు. ఒక్కొక్కప్పుడు ఆ పొరపై తెల్లనక్షత్రపు అంచో, సైన్యము వేసిన సంఖ్యలో రెండు మూడు అంకెలో బయటపడును. గీకుట ఒక్క వేలిమందము ఎక్కువైనను అవి శాశ్వతముగ పోవును.

ధర్మసందేహము ఇచ్చటనే. ఆ బండి యుద్ధములో నున్నది మూడు నాలుగేండ్లు. సేద్యములో నున్నది ఏబది యేండ్లు. రైతు కోసిన రేకును పూడ్చి, అతడు పెట్టిన తలుపును పారవైచి, 1944 నాటి రూపము తెచ్చుట న్యాయమా? అట్లు చేయనిచో అది నీట తేలిన బండియని చూచువారికి తెలియుటెట్లు? ఇరువైపులను యుక్తి కలదు.

మరియొక దోషము ఇంతకంటె పెద్దది. చేసిన సంస్థ పేరు, సంఖ్య, ఒప్పగించిన తేదీ గల చిన్నరేకు ప్రతిబండికిని ఉండెడిది. పెక్కింటికి అది ఊడిపోయినది. ఇప్పుడు సరిగ అట్టి కొత్తరేకులు వెలకు దొరకును. దానిపై తోచిన సంఖ్యను కొట్టి, ప్రసిద్ధమైన దళపు గుర్తును తొట్టిపై వ్రాసినచో బండికి గౌరవము పెరుగును, వెలయు పెరుగును. కాని అది అసత్యము. లేని దానమును ఉన్నట్లు చెక్కిన రాగిరేకును మన పూర్వులు కూటశాసనమనిరి. ఇదియు కూటశాసనమే.

పెద్దలారా, ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. జీర్ణోద్ధరణము పేరిట స్తంభములకు సున్నము మీద సున్నము కొట్టగా, శాసనాక్షరములు పూడిపోయిన ఆలయములను మీలో పెక్కురు చూచియుందురు. కొట్టినవారు భక్తులే, ద్రోహచింత వారికి లేదు. ఐనను ఆ ఊరి చెరువును ఎవరు త్రవ్వించిరో, మాన్యమును ఎవరు విడిచిరో చెప్పు సాక్ష్యము మరుగుపడెను.

కావున నా తలపు ఇది. బండి కూలిపోకుండ నిలుపుటకు ఎంత అవసరమో అంతయే చేయవలెను. కొత్తరేకు వేసినచోట కొత్తదని లోపలివైపున గుర్తు పెట్టవలెను. రైతు తలుపును తీసినచో దానిని పారవేయక దాచి, అది ఉన్ననాటి ఫొటోను బండితో నుంచవలెను. దొరకని సంఖ్యచోటును ఖాళీగ విడువవలెను. ఆ ఖాళీ సిగ్గుపడవలసినది కాదు. ఇంతవరకే తెలియునని చెప్పు నిజాయితీ అది.

1944 లో పదునెనిమిదేండ్ల ప్రాయమున యుద్ధమునకు పోయినవారు నేడు బ్రతికియున్నచో నూరేండ్లకు సమీపించిన వృద్ధులు. కన్నవారు వెడలిపోవుచుండగా సాక్ష్యము చెప్పుటకు మిగులునవి ఇట్టి వస్తువులే. ఆ సాక్షి నోట మనము మాటలు పెట్టరాదు.

మీ కొట్టము వెనుకను ఒక పాతబండి ఇరుసో, మోటబానయో పడియుండవచ్చును. దానిని పాతయినుము కొనువానికి తూచి యిచ్చునపుడు ఇచ్చితిరే అనుకొందము. అంతకుముందు దానిని చేసిన వడ్రంగి యెవరో, కమ్మరి యెవరో, అది ఏ యేటి వరకు పనిచేసెనో మీకు తెలిసినంతవరకు ఒక కాగితముపై వ్రాసి పిల్లల చేతికిండని వేడుచు సెలవు గైకొనుచున్నాను.