మరుగుపడిన కలం - గాబ్రియేలె టెర్గిట్

నాకు జర్మను భాష రాదు. సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితుణ్ణి. అయినా ఒక జర్మను రచయిత్రిని గురించి వ్రాయబూనడానికి మొదటి కారణం ఆమె పేరే.

అసలు పేరు ఎలీజె హిర్ష్‌మన్. 1894 మార్చి 4న బెర్లిన్‌లో ఒక యూదు పారిశ్రామికుని ఇంట జన్మించింది. జర్మనులో 'గిట్టర్' అంటే కటకటాల వంటి కమ్మీల అల్లిక. ఆ మాటలోని అక్షరాలను అటూ ఇటూ మార్చి 'టెర్గిట్' అని కలంపేరు కల్పించుకున్నది. హింస నుండి సింహం పుట్టిందని మన వైయాకరణులు చెప్పే వర్ణవ్యత్యయం వంటిదే ఇదీ!

మొదటి వ్యాసం 1915లో అచ్చయింది. 1925లో చరిత్రలో డాక్టరు పట్టం అందుకున్నది. 1933 వరకు 'బెర్లినర్ టాగెబ్లాట్' దినపత్రిక తరఫున మోఆబిట్ నేరన్యాయస్థానంలో విలేఖరి. చిల్లర దొంగలు, మోసపోయిన పనిపిల్లలు, గర్భస్రావ నేరం మోపబడిన పేద స్త్రీలు ఆమె కథనాలలోని పాత్రలు. రాజకీయ హత్యలు చేసిన మితవాదులపై న్యాయమూర్తులు చూపే మెత్తదనాన్నీ ఆమె దాచలేదు. 1932లో హిట్లర్ అదే న్యాయస్థానానికి వచ్చినప్పుడు ఆ దృశ్యాన్నీ అక్షరబద్ధం చేసింది. దానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది.

అంతకు ముందే, 1931లో, 'కేజెబియర్ కుర్‌ఫ్యూర్‌స్టెన్‌డామ్‌ను జయించుట' అన్న నవల వెలువడింది. 2019లో వచ్చిన ఆంగ్లానువాదంలో చదివాను. పత్రికలో ఖాళీ నింపడానికి ఎవరో ఒక సామాన్య గాయకుని గురించి వ్రాస్తారు. అంతే, ఊరంతా అతని వెంట పడుతుంది. అతని పేరిట బొమ్మలు, సిగరెట్లు, చివరకు ఒక నాటకశాల! మోజు తీరగానే గాయకుడూ, కట్టడమూ, కట్టించినవారూ కూలిపోతారు. చదువుతున్నంతసేపూ ఇది తొంబై ఏళ్ళ నాటి బెర్లిన్ కథ అన్న సంగతి నాకు గుర్తుండలేదు.

1933 మార్చి 4. ఆమె పుట్టినరోజు, ఎన్నికలకు ముందు రోజు. తెల్లవారకముందే నాజీ తుఫాను దళంవారు వచ్చి తలుపు బాదారు. భర్త హైంజ్ రైఫెన్‌బెర్గ్ వాస్తుశిల్పి. ఆయన ముందుగానే తలుపుకు ఇనుప బిగింపులు వేయించి ఉన్నాడు. "తెరవవద్దు" అని కేక వేశాడు. తలుపు ఆగింది. ఆమె వెంటనే చెకోస్లొవేకియాకు తరలిపోయింది. ఆ పైన పాలస్తీనా, 1938 నుండి లండన్.

ప్రవాసంలోనే 'ఎఫింగర్లు' అనే బృహన్నవలను పూర్తిచేసింది. నాలుగు తరాల బెర్లిన్ యూదు కుటుంబాల కథ. 1951లో జర్మనీలో అచ్చయినా ఆదరణ లభించలేదు. నిన్నటి దాకా పక్కింట ఉండి మాయమైనవారి కథ చదవడానికి ఆ పాఠకులకు మనసొప్పలేదని నాకు తోస్తున్నది. శత్రువులు తరిమినదానికన్న ఈ మౌనమే ఆమెను ఎక్కువగా మరుగుపరచింది.

ఆమె మాత్రం ఊరుకోలేదు. విదేశాలలోని జర్మను రచయితల పెన్ సంఘానికి 1957 నుండి 1981 దాకా కార్యదర్శిగా పనిచేసింది. ఈ మధ్యలోనే, 1964లో, ఒక్కగానొక్క కొడుకు పర్వతారోహణలో మరణించాడు. నాలుగేళ్ళకు భర్త పోయాడు. 1977లో బెర్లిన్ ఆమెను మళ్ళీ తలచుకున్నది. అప్పటికి ఆమెకు 83 ఏళ్ళు. 1982 జులైలో లండన్‌లో కన్నుమూసింది.

'ఎఫింగర్లు' 2019లో మరల అచ్చయి, ఈసారి విరివిగా చదువబడింది. ఆమె జీవించి ఉండగా వెలుగు చూడని మరొక నవల 2021లో బయటికి వచ్చింది.