ఫ్లోరైడ్ నీళ్లకు సూక్ష్మ రంధ్రాల జల్లెడ
ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం పత్తికి, నేతకు పేరుపడ్డది. నేల అడుగున మాత్రం గ్రానైట్ రాయి. బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ వచ్చేది అక్కడినుంచే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లు గారపడతాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. కాచినా పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలు దాన్ని పట్టుకుంటాయి. కంటికి కనపడని రంధ్రాల వల్ల ఒక్క గ్రాములోనే దాదాపు 200 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. రంధ్రాలు నిండితే పని ఆగుతుంది, రుచి మారదు కాబట్టి తెలియదు. అప్పుడప్పుడు నీళ్లు పరీక్ష చేయించకపోతే ఫిల్టరు ఉన్నా లేనట్టే. క్షారంతో, తర్వాత ఆమ్లంతో కడిగితే గుళికలు మళ్లీ పనికొస్తాయి.

ఈ కోవలో కొత్తవి మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్కులు. మందును రంధ్రాల్లో నింపి ఒంట్లోకి పంపే ప్రయోగాలు వీటితో సాగుతున్నాయి. 2025 కెమిస్ట్రీ నోబెల్ వీటికే. పంచుకున్న ముగ్గురిలో ఒమర్ యాఘీ జోర్డాన్‌లో పాలస్తీనా శరణార్థుల ఇంట పుట్టారు. వాళ్లకు నీళ్లు వారానికో, రెండు వారాలకో వచ్చేవి. ఆయన బృందం ఎడారి గాలిలోని తేమనే నీళ్లుగా పట్టింది.