పెరటిలో కట్టిన కారు

తిరువూరు ప్రాంతంలో లారీ కొనదలచినవారు చాలాకాలంపాటు మొదట కొన్నది లారీని కాదు, దాని ఛాసీని. ఒక పొడవాటి ఉక్కు చట్రం, దానిమీద ఇంజను, గేరుపెట్టె, స్టీరింగు, కింద చక్రాలు - ఇంతే సరుకు. తలుపులు లేవు, పైకప్పు లేదు. డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకొని, తాత్కాలికంగా బిగించిన సీటుమీద కూర్చొని, ఎండకూ గాలికీ ఓర్చుకుంటూ దానిని విజయవాడ ఆటోనగర్‌కు నడుపుకొని పోయేవాడు. అక్కడ వడ్రంగులు, వెల్డింగు పనివారు, రంగులవారు కలిసి దానికి 'బాడీ కట్టేవారు'. కంపెనీ కాబిన్‌తోనే లారీలు రావడం ఇప్పుడు ఎక్కువైనా, బాడీ కట్టించడం అనే మాట మాత్రం మన వాడుకలో నిలిచిపోయింది.

ఈ మాటలో ఒక శాస్త్రవిషయం దాగి ఉన్నది. బండిని నడిపించే భాగం వేరు, కంటికి కనిపించే భాగం వేరు. ఈ రెండింటినీ విడదీయవచ్చును గనుకనే, కర్మాగారం లేని సామాన్యుడు కూడ తన ఇంటి పెరటిలో ఒక స్పోర్ట్స్ కారును కూర్చుకోగలిగాడు. కావలసిన భాగాలన్నీ ఒక కట్టగా కొని, ఇంటివద్ద బిగించుకొనే కారును 'కిట్ కారు' అంటారు. అది పూర్వపు ప్రసిద్ధమైన కారు రూపానికి నకలు అయితే 'రెప్లికా' అంటారు. ఇంజను, గేరుపెట్టె వంటివి ఇచ్చే పాత బండిని 'దాత' అనుకోవచ్చును. ఈ కార్ల చరిత్ర వినోదంగా ఉంటుంది. దానితోపాటు ఒక గంభీరమైన ప్రశ్న కూడ వేస్తుంది: కారులో నకలు తీయగలిగినది ఏది, తీయలేనిది ఏది?

చట్రము - చర్మము

1908లో వెలువడిన ఫోర్డు టి నమూనా కారును తీసుకోండి. దానికి నిచ్చెన వంటి ఉక్కు చట్రం ఉండేది. బరువంతా చట్రమే మోసేది. పైనున్న బాడీ మనిషికి చొక్కా వంటిది. మార్చినా మనిషి మారడు. తరువాత మరొక పద్ధతి వచ్చింది. 1922లో ఇటలీలో బయటికి వచ్చిన లాన్సియా లాంబ్డా కారులో బాడీయే బరువు మోసింది. దీనిని గుడ్డు పెంకుతో పోల్చవచ్చును. పెంకు లోపల ఎముకలు లేవు, పెంకే బలం. 1983లో మన దేశంలో తయారైన మారుతి 800 కూడ ఈ కోవలోనిదే. దాని బాడీని ఊడదీసి మరొకటి తొడుగుదామంటే కుదరదు. ఊడదీస్తే కారే మిగలదు.

కాబట్టి ఇంటివద్ద కారు కట్టేవారికి మొదటి అవసరం ప్రత్యేకమైన చట్రం. జర్మనీలో పుట్టిన ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు ఈ విషయంలో వారికి కల్పవృక్షమయింది. దాని పై బాడీని మరలు విప్పి ఎత్తివేస్తే, ఇంజను, చక్రాలతో సహా అడుగుభాగం మిగిలేది. 1964లో అమెరికాలో బ్రూస్ మేయర్స్ అనే ఆయన ఇసుకమేటలలో తిరిగే తేలికపాటి బాడీని తయారుచేశాడు. తరువాత ఆయన దానిని బీటిల్ అడుగుభాగంమీద బిగించుకొనే కిట్‌గా అమ్మాడు. అదే పోలికతో ఎందరో అటువంటి బండ్లు చేశారు.

పన్ను పుట్టించిన కారు

కిట్ కార్లకు పుట్టినిల్లు వంటి దేశం బ్రిటన్. దానికి కారణం యంత్రశాస్త్రం కంటె పన్నుల శాస్త్రమే ఎక్కువ. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆ దేశంలో పూర్తిగా తయారైన కారుమీద కొనుగోలు పన్ను భారీగా ఉండేది. విడిభాగాలుగా కొనుక్కొని తానే బిగించుకొన్నవానికి ఆ పన్ను లేదు. కోలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరు ఈ సందు కనిపెట్టాడు. 1957లో ఆయన కంపెనీ లోటస్ సెవెన్ అనే రెండు సీట్ల చిన్న కారును విడుదల చేసింది. కిట్‌తోపాటు బిగించే విధానం వ్రాసి ఇస్తే పన్ను మినహాయింపు పోతుందట. అందుకని చాప్‌మన్ విడదీసే విధానం వ్రాసి ఇచ్చాడనీ, కొన్నవారు దానిని చివరినుంచి మొదటికి చదువుకొన్నారనీ ఒక ప్రసిద్ధమైన కథ.

1973లో బ్రిటన్ ఆ పాత పన్ను తీసివేసి విలువ ఆధారిత పన్నును తెచ్చింది. కిట్లకు ఉన్న లాభం పోయింది. అయినా సెవెన్ చావలేదు. అదే సంవత్సరం కేటర్‌హామ్ అనే సంస్థ దాని హక్కులు కొని తయారీ కొనసాగించింది. పన్ను పుట్టించిన కారును తరువాత ప్రేమ బ్రతికించింది.

ఆ కారు రహస్యం తేలికదనం. మొదటి సెవెన్ కార్లలో పెట్టిన 1172 ఘన సెంటీమీటర్ల ఫోర్డు ఇంజను సాధారణ కుటుంబపు కారుదే. దాని శక్తి 40 అశ్వశక్తుల ప్రాంతం. కాని కారు బరువు అర టన్నుకు లోపే. ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే బలం వస్తుందని న్యూటను సూత్రం. ఒకే బలాన్ని సగం బరువుమీద ప్రయోగిస్తే త్వరణం రెట్టింపు అవుతుంది గదా! ఖరీదైన ఇంజను కొనలేనివాడు బరువు తగ్గించి వేగం సంపాదించాడు.

బరువు తగ్గినా చట్రం వంగకుండా ఎలా నిలిచింది? త్రిభుజం వలన. నాలుగు వెదురు పుల్లలను చివరలవద్ద దారంతో కట్టి చతురస్రం చేయండి. మూలను నొక్కితే అది వాలిపోతుంది. ఒక మూలనుండి ఎదుటి మూలకు అయిదవ పుల్లను కట్టండి. ఇక కదలదు. సెవెన్ చట్రంలోని సన్నని ఉక్కు గొట్టాలను ఇటువంటి త్రిభుజాలుగానే పేర్చి అతికారు.

నకలు తీసే విధానం

రూపాన్ని నకలు తీయడానికి తోడ్పడినది గాజునార. సన్నని గాజుపోగుల చాపను జిగురువంటి రెసిన్‌తో తడిపి గట్టిపడనిస్తే, తేలికైన గట్టి పలక తయారవుతుంది. 1953లో అమెరికాలో షెవ్రొలే కార్వెట్ కారు బాడీని దీనితోనే చేశారు. రేకును కారు ఆకారానికి వంచాలంటే పెద్ద ప్రెస్సులు, ఖరీదైన అచ్చులు కావాలి. గాజునారకు అవి అక్కరలేదు. అసలు కారు బాడీకి మైనం రాసి, దానిమీద గాజునార పొరలు పరచి ఊడదీస్తే అచ్చు వస్తుంది. ఆ అచ్చు లోపల మళ్ళీ పొరలు పరిస్తే నకలు వస్తుంది. మన బొమ్మలవారు అచ్చుతో వినాయక విగ్రహాలు తీసే పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే.

ఈ విధంగా ఎక్కువ నకళ్ళు పుట్టిన కారు ఏ. సి. కోబ్రా. 1962లో కారల్ షెల్బీ అనే అమెరికను పందెగాడు ఒక తేలికపాటి ఇంగ్లీషు కారులో పెద్ద ఫోర్డు ఇంజను పెట్టించి దీనిని సృష్టించాడు. 1960లలో తయారైన అసలు కోబ్రాలు సుమారు వెయ్యి మాత్రమే. తరువాత ఇళ్ళలోను, చిన్న వర్క్‌షాపులలోను పుట్టిన నకళ్ళు వాటికి ఎన్నో రెట్లు. నకలును నకలని చెప్పి నడిపితే అది ముచ్చట. అసలని చెప్పి అమ్మితే మోసం.

మన దేశంలో

భాగాలు పెట్టెలలో తెచ్చి కారు బిగించడం మన దేశానికి కొత్త కాదు. 1928లోనే జనరల్ మోటార్స్ కంపెనీ బొంబాయిలో ఇటువంటి కర్మాగారం పెట్టింది. అయితే అది కంపెనీ పని. ఒంటరి మనిషి సాహసానికి మనం చెప్పుకోదగిన పేరు జి. డి. నాయుడు. 1893లో కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే వ్యవసాయ కుటుంబంలో ఆయన జన్మించారు. యువకుడుగా ఒక రడ్జ్ మోటారు సైకిలును చూచి ముచ్చటపడి, హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దానిని కొన్నారు. ఎక్కి తిరగడంతో తృప్తిపడక, మరమరా విప్పి మళ్ళీ బిగించారు. అదే ఆయన చదివిన కళాశాల. 1920లో ఒక బస్సుతో రవాణా సంస్థ ఆరంభించారు. 1937లో ఆయన ప్రోత్సాహంతో కోయంబత్తూరులో విద్యుత్ మోటారు తయారయింది. 1952లో సుమారు 2,000 రూపాయల ధరకు రెండు సీట్ల పెట్రోలు కారును రూపొందించారు. కాని తయారీకి ప్రభుత్వపు లైసెన్సు లభించలేదు, పని ఆగిపోయింది. పరిశ్రమ పెట్టాలంటే లైసెన్సు కావాలన్న 1951 నాటి చట్టం అప్పుడప్పుడే అమలులోకి వస్తున్న కాలమది. బండి చేయగలిగినంత మాత్రాన చాలదని దేశం నేర్చుకొన్న తొలి పాఠాలలో ఇదొకటి. 1974లో నాయుడు మరణించారు.

హైదరాబాదులో కన్యబోయిన సుధాకర్‌ది మరొక దారి. పాత ఇనుప సామానులోనుంచి భాగాలు ఏరి, వంకాయ, బూటు, క్రికెట్ బంతి వంటి ఆకారాలలో నడిచే బండ్లను ఆయన కట్టారు. బహదూర్‌పురాలో 2010లో తెరచిన సుధా కార్స్ మ్యూజియంలో వాటిని ప్రదర్శనకు పెట్టారు. 2005 జూలై 1న ఆయన నడిపిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 12.67 మీటర్లు, చక్రపు వ్యాసం 5.18 మీటర్లు. గిన్నిస్ గ్రంథం దానిని ప్రపంచంలోకెల్ల పెద్దదిగా గుర్తించింది.

సరిగా లోటస్ సెవెన్ పోలికలోనే కారు కట్టిన సంస్థ కూడ మన దేశంలో ఉన్నది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మహారాష్ట్రలోని అలీబాగ్ వద్ద చింకారా మోటార్స్ అనే చిన్న సంస్థ అటువంటి రోడ్‌స్టర్‌ను తయారుచేసింది. అందులో పెట్టినది మన అంబాసిడర్ కారులో కూడ వాడిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజను.

బలానికి నకలు లేదు

సుధాకర్ సైకిలువంటి దానిని ఊహించి ఒక లెక్క వేయండి. మామూలు సైకిలును అన్ని కొలతలలోను 7 రెట్లు పెంచామనుకొందాం. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పెరిగినందున బరువు 7×7×7, అనగా 343 రెట్లు అవుతుంది. బరువు మోసే గొట్టాల అడ్డుకోత వైశాల్యం మాత్రం 7×7, అనగా 49 రెట్లే పెరుగుతుంది. ప్రతి చదరపు సెంటీమీటరుమీద 7 రెట్ల భారం పడుతుంది. ఈ సత్యాన్ని గెలీలియో 1638లోనే తన గ్రంథంలో వివరించాడు. రూపం పెరిగినట్లు బలం పెరగదు.

కారు విషయంలోను అంతే. కోబ్రా ఒంపులను అచ్చులో దించవచ్చును. దాని చట్రపు అతుకులు, బ్రేకులు అచ్చులోకి రావు. బ్రేకులు సెకనుకు సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తాయనుకొందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సుమారు 10 మీటర్లలో ఆగుతుంది. 80 కిలోమీటర్ల వేగంతో పోయేది సుమారు 41 మీటర్లు పోతేగాని ఆగదు. వేగం రెట్టింపు అయితే దూరం నాలుగు రెట్లు. పెరటిలో వేసిన ఒక్క చెడ్డ అతుకు ఆ 41 మీటర్లలో రోడ్డు దాటుతున్న పిల్లవానికి ప్రమాదం తేవచ్చును.

అందుచేతనే చట్టం అడ్డు నిలుస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 126వ నియమం ప్రకారం, ప్రతి కొత్త నమూనా వాహనాన్ని పూణేలోని ఆటోమోటివ్ రీసెర్చి అసోసియేషన్ వంటి గుర్తింపు పొందిన సంస్థలలో పరీక్షింపజేయాలి. రిజిష్టరయిన వాహనం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ తీర్పు చెప్పింది. బ్రిటన్‌లో అయితే, ఇంటివద్ద కట్టిన ఒక్క కారునైనా విడిగా పరీక్షించి రోడ్డుమీదికి అనుమతించే ఏర్పాటు ఉన్నది. మన వద్ద పరీక్షల పద్ధతి పెద్ద కంపెనీలను దృష్టిలో పెట్టుకొన్నది. ఒక్క బండి కట్టే ఔత్సాహికునికి ఆ ఖర్చు తలకు మించినది. భద్రత కావాలి, చేతిపనికి చోటూ కావాలి. ఈ రెండింటినీ కలిపే మార్గం మన దేశం ఇంకా పూర్తిగా వేసుకోలేదు.

ఒక చిన్న బాట మాత్రం పడింది. 2007 నుండి ఎస్. ఏ. ఇ. ఇండియా సంస్థ 'బాహా' పోటీలు నడుపుతున్నది. ఇంజనీరింగు విద్యార్థులు ఒక మనిషి కూర్చొనే బండిని తామే రూపొందించి, కట్టి తెస్తారు. పరుగుకు ముందు చట్రాన్ని తనిఖీ చేస్తారు. బ్రేకు నొక్కితే నాలుగు చక్రాలూ బిగుసుకుపోవాలి. అది కుదరని బండి, చూపుకు ఎంత అందంగా ఉన్నా, పందెంలోకి పోదు.

ఈ పాఠాన్ని ఉన్నత పాఠశాలలో కూడ చెప్పవచ్చును. ఉపాధ్యాయులు పిల్లలను జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టుకు ఇరవై వెదురు పుల్లలు, దారం ఇచ్చి చట్రం కట్టించాలి. అది ఎన్ని ఇటుకలు మోస్తుందో ముందుగా ప్రతి జట్టుచేత నల్లబల్లమీద వ్రాయించాలి. ఆ తరువాత ఒక్కొక్క ఇటుకను వేలాడదీయాలి. ఏ ముడివద్ద విరిగినదో పిల్లలచేతనే వెదికించి, మళ్ళీ కట్టించాలి.